ఏటీఎంలో ఆమెన్

అక్టోబరు 21, సోమవారం

ప్రొద్దుటూరు వెళ్ళి వచ్చాను. ఐసు పెట్టెకు అడ్వాన్సు ఇద్దామని వెళ్ళి, ఇవ్వకుండానే వచ్చాను.

పెట్టె మాత్రం బాగుంది. పైన అద్దం, కింద చక్రాలు, పక్కన చల్లదనం చూపించే ఎర్ర అంకెలు. అంగడాయన ముఖం దిగాలుగా పెట్టి "ఎవరికి సార్?" అన్నాడు. మా జమ్మలమడుగు సంఘానికి అన్నాను. "సంఘమంతటికీ ఒకటి సరిపోతాదా సార్?" అన్నాడు. శవాలను ఉంచే పెట్టెలు అమ్మి అమ్మి అతనికి లెక్క తప్పినట్టుంది.

డబ్బు తీద్దామని మా బ్యాంకు ఏటీఎంకు వెళితే మిషను మొరాయించింది. వెనక నిలబడిన ఒకాయన సాయం చేశాడు. నలభై ఐదేళ్ళుంటాయి. తెల్ల చొక్కా, మెడలో తాడుకు కళ్ళద్దాలు. నా కార్డును తన చేతిరుమాలుతో తుడిచి, తిప్పి పెట్టి, "ఇంగోసారి కొట్టండి సార్" అన్నాడు. కొట్టాను. రాలేదు. "మిషన్లో దుడ్లు అయిపోయినట్టుండాయి, రేపు రాండి సార్" అంటూ కార్డు నా చేతిలో పెట్టాడు.

విశ్వాసి. నేను అలవాటు ప్రకారం వాగ్దానం తలచుకుని నంబరు కొడుతుంటే వెనక నుంచి "ఆమెన్" అన్నది ఆయనే. ఇలాంటి మనుషులు ఇంకా ఉన్నారు, మనమే చూడం. పేరు అడగడం మరిచిపోయాను.

అక్టోబరు 22, మంగళవారం

నేను ఎస్. లాల్‌బీని కాను.

ఇక్కడి ఏటీఎంలో పొద్దున మూడుసార్లు నంబరు కొట్టాను. మూడుసార్లూ తప్పన్నది. ముప్ఫై నాలుగేళ్ళు లెక్కలు చెప్పినవాడికి నాలుగంకెలు తప్పని చెబుతుందా అని కోపమొచ్చి కార్డు బయటికి లాగి చూశాను. పేరు ఎస్. లాల్‌బీ అని ఉంది.

పదీ నలభైకి హెల్ప్‌లైనుకు ఫోను చేశాను. తెలుగుకు నాలుగు నొక్కమంది. నొక్కితే హిందీలో మాట్లాడింది. పుట్టిన తేదీ అడిగారు, చెప్పాను. తల్లి పేరు అడిగారు, చెప్పాను. ఖాతాలో ఉన్న ఫోను నంబరుతోనే మాట్లాడాలన్నారు. ఆ నంబరు పోయి ఆరేళ్ళయింది. మెసేజీలన్నీ దానికే పోతున్నాయి, అది ఇప్పుడు ఎవరి దగ్గరుందో. ముప్ఫై ఐదు నిమిషాలు వీణ వినిపించి ఒక ఫిర్యాదు నంబరిచ్చారు. కార్డు ఆపేస్తామన్నారు.

మా ఆవిడ లిడియా "ఏమయ్యా, ముఖం అట్ల పెట్టినావు?" అంది. ఎండ అన్నాను. బయట ముసురు పట్టి ఉంది.

అక్టోబరు 23, బుధవారం

నలభై వేలు పోయింది. సోమవారం మధ్యాహ్నం ఇరవై, నిన్న సాయంత్రం నాలుగింటికి ఇరవై. అంటే నేను వీణ విన్న తరువాత కూడా.

నాదైతే ఇంత బాధ లేదు. అది స్త్రీల సమాజం వాళ్ళ పిడికెడు బియ్యం డబ్బు. మూడేళ్ళు ప్రతి పూటా ఎసట్లో పోయబోయే బియ్యంలో నుంచి ఒక పిడికెడు తీసి డబ్బాలో పోసి, ఆదివారం గుడికి మోసుకొచ్చి, అమ్మి జమ చేసిన అరవై రెండు వేలు. సమాజం పేరున ఖాతా తెరవమంటే బ్యాంకువాళ్ళు కాగితం మీద కాగితం అడిగారు. అప్పుడు అధ్యక్షురాలు సుబ్బమ్మ "లెక్కల సారు ఖాతాలో ఎయ్యండి. ఆయప్ప దగ్గర పైసా కదలదు" అంది. అందరూ చేతులెత్తారు. నేనే గర్వంగా వద్దు వద్దు అన్నాను, వినపడకుండా.

ఆ పెట్టె ఎందుకో కూడా రాసుకోవాలి, మరిచిపోకుండా. మూడేళ్ళ కిందట మే నెలలో సుబ్బమ్మ భర్త పోయాడు. బాడుగ పెట్టె ప్రొద్దుటూరు నుంచి వచ్చేసరికి సాయంత్రమైంది. అప్పటిదాకా ఆమె విసనకర్రతో ఆ శరీరానికి విసురుతూనే కూర్చుంది. ఎవరు అందుకోబోయినా ఇవ్వలేదు. మట్టి చేసి వచ్చిన మరుసటి ఆదివారమే మొదటి పిడికెడు బియ్యం తెచ్చింది. ఆమె ముఖం ఎలా చూడాలి?

బ్రాంచిలో గుమాస్తా అడిగాడు, "నంబరు ఎవరికన్నా చెప్పినారా సార్?"

చెప్పలేదు అన్నాను. నేను ఎవరికీ చెప్పలేదు. జనవరి ఒకటిన గుడిలో పళ్ళెంలో వాగ్దాన కార్డులు పెడతారు. కళ్ళు మూసుకుని తీస్తే ఏ వచనం వస్తే అది ఏడాదంతా మనది. ఆ అధ్యాయం, ఆ వచనం అంకెలే పదేళ్ళుగా నా కార్డుకు నంబరు. ఏటా మారుతుంది, మరిచిపోయే పని లేదు. ఇంతకన్న పకడ్బందీ పద్ధతి ఉంటే ఎవరైనా చూపించమనండి.

ఖాతా పులివెందులది కాబట్టి పులివెందులకు పొమ్మన్నాడు. ఏటీఎం ప్రొద్దుటూరుది కాబట్టి ముందు ప్రొద్దుటూరుకు పొమ్మన్నాడు. జమ్మలమడుగులో ఏం చేస్తారని అడిగితే ఖాతాలు తెరుస్తామన్నాడు.

అక్టోబరు 24, గురువారం

ప్రొద్దుటూరు. పోలీసులకు రాసిచ్చాను, రాసుకున్నారు. బ్యాంకులో మాత్రం ఏటీఎం మాదే గానీ దాన్ని చూసుకునేది ఏజెన్సీ అన్నారు. ఏజెన్సీ ఎక్కడుందంటే చెన్నైలో అన్నారు. ఎస్. లాల్‌బీ కార్డు ఇచ్చేద్దామంటే తీసుకోలేదు. పైగా "ఇంగొకరి కార్డు జేబులో పెట్టుకోని తిరిగేది నేరం సార్" అని ఆఫీసరు హెచ్చరించాడు. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఏమిటో పిల్లలకు ముప్ఫై నాలుగేళ్ళు వేరే ఉదాహరణలతో చెప్పాను.

నంబరు నేను ఎవరికీ చెప్పలేదు.

అక్టోబరు 27, ఆదివారం

గుడిలో సుబ్బమ్మ పట్టుకుంది. "సారూ, పెట్టె సంగతి ఏమాయ?"

"ఆర్డరు పెట్టినాను."

"పొడువు చూసినావా? మన పాస్టరయ్య కాళ్ళు బయటికొచ్చేటట్టుంటాయి."

చూశానన్నాను. ఇది మాత్రం నిజం.

పాస్టరు దేవపాలు అయ్యగారు మైకులో ఒక ప్రకటన చేశారు. సైబరు మోసాల మీద గత నెల ప్రభుదాస్ సారు ఇచ్చిన ప్రసంగం చాలామందికి ఉపయోగపడిందట, వచ్చే నెల మళ్ళీ చెప్పాలట. చప్పట్లు కొట్టారు. గత నెల నేనే గంటసేపు చెప్పాను, నంబరు కట్టుకున్న భార్యకు కూడా చెప్పకూడదని. అప్పుడు లిడియా ముందు బెంచీలో కూర్చుని నావైపు అదోలా చూసింది.

తేలు కుట్టిన దొంగలాగా నేను కూడా చప్పట్లు కొట్టాను.

అక్టోబరు 28, సోమవారం

ఎస్. లాల్‌బీ దొరికింది.

తెల్లారి బస్సుకు ముద్దనూరు మీదుగా పులివెందుల చేరాను. లిడియాతో పాత స్టాఫును చూసొస్తానని చెప్పాను. పదకొండేళ్ళ కిందట అక్కడి హైస్కూల్లో పనిచేసినప్పుడు తెరిచిన ఖాతా. బ్రాంచిలోకి అడుగుపెట్టగానే కౌంటరు దగ్గర కేకలు వినిపించాయి. బురఖా ముసుగు వెనక్కి వేసుకున్న ఒకామె, యాభై దాటి ఉంటాయి, ఒక చేతిలో టిఫిన్ క్యారియరు, ఇంకో చేతిలో ఏటీఎం కార్డు.

"నా మొగం చూడు పాపా. నేను శివ మాదిరి ఉండానా? ఈ కార్డు మింద శివ అని ఉండాదంట. నేను శివనా?"

కౌంటర్లో అమ్మాయి పేరు దీప్తి అని బోర్డు మీద ఉంది. గోదావరి వైపు పిల్ల. "కొంచెం నెమ్మదిగా చెప్పండి మేడమ్, నాకు అర్థం కావట్లేదండి" అంది.

"పద్దెనిమిది దినాల నుంచి నెమ్మదిగానే చెప్తాండా. అందుకే ఈ పొద్దు బిగ్గరగా చెప్తాండా."

నా చెయ్యి దానంతట అదే జేబులోకి పోయింది. "లాల్‌బీ అంటే మీరేనా?" అని కార్డు చూపించాను. ఆమె లాక్కుని, పేరు చదవలేదు, మూల చూసింది. అక్కడ గోళ్ళ రంగుతో పెట్టిన ఎర్ర చుక్క ఉంది. "అరే అల్లా, నా కార్డే!" అని గుండెలకు అదుముకుంది. తరువాత నన్ను కిందికీ పైకీ చూసింది. "నీ తావికి ఎట్లొచ్చింది ఇది? దొంగోనివి నువ్వేనా?"

గార్డు లేచి నిలబడ్డాడు. ఒకప్పుడు పాఠాలు చెప్పిన ఊళ్ళో నేను ప్రభుదాస్ సారునని, దొంగను కానని చెప్పుకోవలసి వచ్చింది. నా వెనక వరుసలో నిలబడిన ఒక పాత శిష్యుడు "అవునబ్బా, మా లెక్కల సారే" అని సాక్ష్యం చెప్పాడు. వాడిని ఎనిమిదిలో ఒకసారి తప్పించాను. మంచివాడు.

ఇద్దరం బెంచీ మీద కూర్చుని కథలు కలుపుకున్నాం. ఆమెది వేంపల్లె. ప్రొద్దుటూరులో నైటీలు టోకున కొని ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి అమ్ముతుంది. అదే ఏటీఎం, అదే తెల్ల చొక్కా, అదే తాడు, అవే కళ్ళద్దాలు. ఆమె కార్డు తీసుకుని శివ కార్డు ఇచ్చాడు. నా కార్డు తీసుకుని ఆమెది ఇచ్చాడు. ఇప్పుడు నా కార్డు పట్టుకుని ఎవరో ఏ బ్రాంచిలోనో నేను ప్రభుదాస్‌ను కానని అరుస్తూ ఉండాలి.

"నాతో ఇన్షా అల్లా అన్న్యాడు సారూ. నేను మనోడే అనుకున్న్యా."

"నాతో ఆమెన్ అన్నాడు."

"పాపం, ఆ శివతో ఏమన్న్యాడో" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. తరువాత బస్సులో వచ్చింది.

అప్పుడు అడిగింది. "నాకు చదువు రాదు, అంకెలు కొట్టేది రాదు. అందుకని నంబరు వానికి నేనే చెప్పినా. నువ్వు సారువి కదా, నీ నంబరు వానికి ఎట్ల తెలిసింది?"

నీళ్ళ బాటిలు తెచ్చుకోవడానికి లేచాను.

దీప్తి ఇద్దరికీ కొత్త ఫారాలు ఇచ్చింది. ఇంగ్లీషులో ఉన్నాయి. ఇద్దరివీ నేనే నింపాను. నంబరు ఇతరులకు తెలియజేశారా అనే గడి దగ్గర లాల్‌బీ "నాది అవును కొట్టు సారూ" అంది. ఆమెకు అవును కొట్టాను. అదే కలంతో నాకు కాదు కొట్టాను.

బయలుదేరబోతుంటే ఆపింది. "ముద్ర?" అంది. ఫారానికి నకలు తీయించి, దాని మీద బ్యాంకు ముద్ర, తేదీ, సంతకం వేయిస్తేగాని కదలనంది. పద్దెనిమిది రోజుల కిందటి మొదటి ఫిర్యాదు మీద కూడా వేయించుకుంది, టిఫిన్ క్యారియరు అడుగు గిన్నెలో ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తిరుగుతోంది. "కువైట్లో ఆరేండ్లు ఇంటిపని చేసినా సారూ. ముద్ర ల్యాని కాయితం ఉప్పు ల్యాని సంగటి. ఆడ నేర్చుకున్న్యా." నా దగ్గర ఒక్క ముద్ర కూడా లేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే కాబోలు.

నవంబరు 4, సోమవారం

పులివెందుల. మేనేజరు సెలవు.

నవంబరు 7, గురువారం

పులివెందుల. మేనేజరు మీటింగు. లాల్‌బీ నాకు కూడా రాగి సంగటి, నంచుకోవడానికి చెనిక్కాయల ఊరిబిండి తెచ్చింది. లిడియా చేసే దానికన్న కారం ఎక్కువ, బాగుంది. ఈ మాట ఎక్కడా అనకూడదు.

నవంబరు 8, శుక్రవారం

ఫోనుకు మెసేజీ వచ్చింది. కొత్త నంబరు నమోదు చేసినందుకు ఇదొక్కటే లాభం. "మీ ఫిర్యాదు విజయవంతంగా పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?"

హెల్ప్‌లైనుకు చేసి కనుక్కుంటే తెలిసింది. ఇరవై రెండో తేదీన వాళ్ళు రాసుకున్నది కార్డు ఆపమని కాదు, కొత్త కార్డు పంపమని. అది పులివెందులలో నేను పదకొండేళ్ళ కిందట ఖాళీ చేసిన అద్దె ఇంటికి చేరిందట.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు అంటారు. ఇక్కడ కుక్క మొరగలేదు, నక్షత్రాలు అడిగింది.

చెప్పడం వేరు, తలచుకోవడం వేరు. నేను తలచుకున్నాను.

నవంబరు 12, మంగళవారం

ఈ రోజు జరిగింది రాయకుండా పడుకుందామనుకున్నాను. రాస్తాను.

కెమెరా బొమ్మలు ప్రొద్దుటూరు నుంచి వచ్చాయి. మేనేజరు తన గదిలోకి పిలిచి కంప్యూటరు మా వైపు తిప్పాడు. నేను, లాల్‌బీ, దీప్తి. తెర మీద ఏటీఎం గది. నేను లోపలికి వచ్చాను. వెనకే తెల్ల చొక్కా వచ్చింది. నేను కార్డు పెట్టాను. తరువాత కళ్ళు మూసుకున్నాను. కుడి చెయ్యి పైకెత్తి మిషను నెత్తి మీద పెట్టాను. పెదవులు కదులుతున్నాయి. చాలాసేపు కదులుతున్నాయి. శబ్దం లేదు గానీ శబ్దం అక్కర్లేదు.

"సార్, మీరు ఏటీఎంతో మాట్లాడుతున్నారాండి?" అంది దీప్తి.

"సారు దువా చేస్తాండు పాపా!" అని లాల్‌బీ చేతులు చరిచింది. అంతలో తెర మీద తెల్ల చొక్కా పెదవులు కూడా ఒకసారి కదిలాయి. అది ఆమెన్. లాల్‌బీ నవ్వడం ఆపి నావైపు తిరిగింది. "నంబరు కూడా దువాలోనే చెప్పినావా సారూ?"

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. "మీరు ఫారంలో కాదు అని కొట్టారు. ఇందులో మీరే గట్టిగా చదువుతున్నట్టుంది. ఖాతాదారు అజాగ్రత్తకు బ్యాంకు బాధ్యత వహించదు. అబద్ధం చెబితే అసలే వహించదు."

అప్పుడు లాల్‌బీ టిఫిన్ క్యారియరు విప్పింది. సంగటి గిన్నె తీసింది, పచ్చడి గిన్నె తీసింది, అడుగు గిన్నెలో నుంచి ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పరిచింది. అక్టోబరు పదో తేదీ, బ్యాంకు ముద్ర. ఏ ఏటీఎం, ఏ చొక్కా, ఏ తాడు, అన్నీ అందులో ఉన్నాయి. "మీకు పదో తేదీనే చెప్పినా. ఇరవై ఒకటో తేదీ దాకా మిషను కాడ ఒక మనిషిని నిలబెట్టింటే ఈ సారు దుడ్లు పోయేటివా? నేను చెప్పినాక కూడా నా కాతాలో పదివేలు తీసినాడు."

మేనేజరు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. గ్లాసు నీళ్ళు తాగాడు. మేము చెప్పిన తరువాత పోయిన డబ్బుకు పై ఆఫీసుకు రాస్తానన్నాడు, ఇద్దరూ కలిసి ఒకే అర్జీ ఇస్తే బలంగా ఉంటుందన్నాడు.

బయటికి వచ్చాక నేను, మన అర్జీలో నా నంబరు సంగతి ఎత్తకుండా రాస్తాను, పైవాళ్ళు వీడియో చూడరు అన్నాను.

ఆమె మెట్ల మీద ఆగిపోయింది. "నా కాయితం నిజం సారూ. దాని పక్కన నీ అబద్దం పెడితే నాది కూడా మాసిపోతాది. నేను చదువు రానిదాన్ని, నంబరు చెప్పినా అని ఏలిముద్ర ఏసినా. నువ్వు అంత చదువుకోని చెప్పలేవా?"

బస్సు రాగానే ఎక్కేశాను.

నవంబరు 13, బుధవారం

చెప్పాను. ఆ రోజు ఏటీఎంలో నంబరు గట్టిగానే చెప్పాను. నలభై ఒకటో అధ్యాయం, పదో వచనం అని, గుడిలో చదివినట్టు, అంకెలతో సహా.

నవంబరు 15, శుక్రవారం

అర్జీ రాశాను. మొదటి వాక్యంలోనే నంబరు నేనే బయటికి చదివానని, ఫారంలో కాదు అని కొట్టింది తప్పని రాశాను. ఆరుసార్లు చించి ఏడోసారి రాశాను. పులివెందుల వెళ్ళి, లాల్‌బీ వేలిముద్ర పక్కన సంతకం పెట్టి, ముద్ర వేయించుకున్నాను. నకలు మీద కూడా.

నవంబరు 17, ఆదివారం

వచ్చే ఆదివారం కోత పండుగ. ఆ రోజే పెట్టె ప్రతిష్ఠ అని సుబ్బమ్మ ప్రకటించింది. పెట్టె మీద కప్పడానికి తెల్ల గుడ్డ మీద దారంతో పువ్వులు కుట్టి తెచ్చి చూపించింది. మూడు నెలలు కుట్టిందట. పనితనం బాగుందన్నాను.

నవంబరు 23, శనివారం

రేపు.

నవంబరు 24, ఆదివారం

కోత పండుగకు అందరూ పండినవి తెచ్చారు. కంకులు, నిమ్మకాయలు, చెనిక్కాయలు, కాళ్ళు కట్టేసిన రెండు కోళ్ళు. నేను పెరట్లో కాసిన గుమ్మడికాయ తీసుకెళ్ళాను. సాక్ష్యాలున్నవాళ్ళు లేవండని అయ్యగారు అనగానే లేచాను. ఈ నెల చెప్పాల్సిన సైబరు ప్రసంగం ఇప్పుడే చెబుతాను అన్నాను. ముందు బెంచీలో లిడియా సర్దుకుని కూర్చుంది.

మొత్తం చెప్పాను. తెల్ల చొక్కా, చేతిరుమాలు, మిషను మీద చెయ్యి పెట్టి అధ్యాయం వచనం చదవడం, నలభై వేలు, ఆర్డరు పెట్టానన్న అబద్ధం. పెట్టె రాలేదు, పెట్టె లేదు, మీ పిడికెడు బియ్యం నేను పోగొట్టాను అన్నాను. చివరి మాట సరిగ్గా రాలేదు.

కోడి ఒకటి అరిచింది.

సుబ్బమ్మ లేచింది. "అయిపాయనా సారూ?"

అయింది అన్నాను.

"నీ నంబరు మాకందరికీ తెల్సు. ప్రతి జనవరి ఒకటో తేదీ లేసి నిలబడి, ఇదే నా వాగ్దానం, ఇదే నా నంబరు అని నువ్వే చెప్తావు. బస్టాండు కాడి ఏటీఎంలో నువ్వు కొడుతాంటే బయట లైన్లో ఉండే మేమందరమూ ఆమెన్ అంటాము. నీకు ఇనపడల్యా? పదేండ్ల నుంచి నంబరు సంఘమంతా తెల్సు. ఒకరన్నా ముట్టుకున్న్యారా?"

ఒకరు కూడా ముట్టుకోలేదు. పదేళ్ళుగా నా పద్ధతి పకడ్బందీ అనుకుంటున్నాను. పకడ్బందీగా ఉన్నది పద్ధతి కాదు, వీళ్ళు. నాకు ఏడుపు వచ్చింది. దాచుకోలేదు.

"ఏడ్సింది సాలు. గమ్మున కూసో. పాట మొదలు పెడతాము" అంది సుబ్బమ్మ.

కోత పండుగ వేలం పాటకు మొదట నా గుమ్మడికాయ తీసింది. యాభై రూపాయల సరుకు. "సారూ, పాడు" అంది. వంద అన్నాను. "రెండొందలు" అన్నది ఒక ఆడగొంతు. తిరిగి చూస్తే లిడియా. ఐదు వందలు అన్నాను. వెయ్యి అంది లిడియా. ఎవరికి ఎదురు పాడుతున్నావు, ఇంటికి ఒకే పెన్షను కదా అని కళ్ళతో అడిగాను. "ఎండకు ముఖం మాడిందన్న్యావే, అది చూసినప్పుడే నాకు తెల్సు. ఎప్పుడు చెప్తావా అని ముప్ఫై మూడు దినాలు చూసినా. రెండువేలు!" అంది పైకే. గుడంతా నవ్వింది. ఐదువేలు దాటాక అయ్యగారు నీళ్ళు తాగారు. నేను ఆపిన ప్రతిసారీ సుబ్బమ్మ కుట్టుపని చేసిన ఆ తెల్ల గుడ్డను ఒకసారి విప్పి మడిచేది. మళ్ళీ పాడేవాణ్ణి.

నా గుమ్మడికాయ ఇరవైవేలకు నాకే వచ్చింది.

నవంబరు 25, సోమవారం

గుమ్మడికాయ పులుసు.

నవంబరు 28, గురువారం

గుమ్మడికాయ పులుసు. లిడియా ఇప్పటికి మాట్లాడుతోంది. మొదటి మాట, "నంబరు పెండ్లానికి కూడా చెప్పకూడదా?"

డిసెంబరు 10, మంగళవారం

పై ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. ఫిర్యాదుకు ముందు పోయిన ఇరవైవేలు ఖాతాదారు అజాగ్రత్త, తరువాత పోయిన ఇరవైవేలు బ్యాంకు అజాగ్రత్త. బ్యాంకుది తిరిగి వేశారు. లాల్‌బీకి కూడా ఆమె పదివేలు పడ్డాయి. పైవాళ్ళు వీడియో చూశారట. అర్జీ వీడియోతో అతికినట్టు సరిపోయిందని, ఇలా సరిపోయేవి చాలా తక్కువని దీప్తి ఫోనులో చెప్పింది. అబద్ధం రాసి ఉంటే లాల్‌బీ పదివేలు కూడా నాతో పాటు మునిగేవి. ఆ మెట్ల మీద ఆమె ఆగిపోవడం తలచుకుంటే ఇప్పుడు భయం వేస్తోంది.

డిసెంబరు 14, శనివారం

లాల్‌బీ వేంపల్లె నుంచి జమ్మలమడుగు వచ్చింది. లిడియాకు ఒక నైటీ ఊరికే ఇచ్చి, స్త్రీల సమాజానికి పదకొండు అమ్మి పోయింది. పోతూ పోతూ సుబ్బమ్మతో చాలాసేపు మాట్లాడింది. ఇప్పుడు పిడికెడు బియ్యం అమ్మిన రసీదుల మీద కూడా సంఘం ముద్ర వేయాలంటోంది సుబ్బమ్మ.

డిసెంబరు 19, గురువారం

ఖాతాలో మిగిలిన ఇరవై రెండు, గుమ్మడికాయ ఇరవై, బ్యాంకు ఇచ్చిన ఇరవై వేలు కలిపి పెట్టె వచ్చింది. సుబ్బమ్మ అద్దం ఎత్తి లోపల చెయ్యి పెట్టి చాలాసేపు ఉంచింది. "సల్లగుండాది" అంది. తన విసనకర్ర తెచ్చి పెట్టె పక్కన మేకుకు తగిలించింది.

డిసెంబరు 24, మంగళవారం

క్రిస్మస్ కూల్‌డ్రింకులు పెట్టెలో పెడదామని ఎవరో అన్నారు. ఎవరన్నారో రాయను. సుబ్బమ్మ చూసిన చూపుకు నేను ఇంకా తేరుకోలేదు.

జనవరి 1, బుధవారం

ఉదయం ఆరాధనలో వాగ్దాన కార్డులు. ఈ ఏడాది సంఘం తీర్మానం చేసిందట, ప్రభుదాస్ సారు వచనం మాత్రమే చదవాలి, అధ్యాయం వచనం అంకెలు చదవకూడదని. నవ్వుకుంటూనే చేతులెత్తారట. ఒప్పుకున్నాను. కళ్ళు మూసుకుని తీశాను. కొండల వైపు కళ్ళెత్తే కీర్తన. అంకెలు వేలితో మూసి, మాటలు మాత్రం చదివి కూర్చోబోయాను.

వెనక బెంచీల నుంచి పిల్లలతో సహా గుడంతా ఒకే గొంతుతో "నూట ఇరవై ఒకటో కీర్తన, మొదటి వచనం!" అంది.

వీళ్ళకు కంఠతా రాని వచనం ఏదైనా ఉందా?

జనవరి 3, శుక్రవారం

కొత్త కార్డుకు కొత్త నంబరు పెట్టాను. ఈసారి వచనం కాదు. లాల్‌బీ మొదటి ఫిర్యాదు రసీదు నంబరులో చివరి నాలుగు

కొట్టేశాను. డైరీలో కూడా రాయకూడదు.

సాయంత్రం బస్టాండు దగ్గర ఏటీఎంకు వెళ్ళాను. చెయ్యి జేబులో పెట్టుకున్నాను, నోరు మూసుకున్నాను, ఒళ్ళు అడ్డం పెట్టి ఇంకో చేత్తో నంబరు కొట్టాను. లోపల ఒకటే నిశ్శబ్దం, నాకే ఏదో వెలితిగా ఉంది. డబ్బు వచ్చింది. తీసుకుని తిరిగితే తలుపు బయట లైన్లో సుబ్బమ్మ, చంకలో బియ్యం డబ్బా.

"ఏంది సారూ, ఈ పొద్దు ప్రార్థన ల్యా?"

"ల్యా."

"దుడ్లు వచ్చినాయా?"

"వచ్చినాయి."

"అయితే నేనన్నా అంటా" అని, కళ్ళు మూసుకుని, బజారంతా వినపడేలా అంది, "ఆమెన్."